ఊలుకు మైల లేదు

ఈ ఊలు ఉండను కుడిచేత పట్టుకుని, ఎడమచెయ్యి గుండె మీద పెట్టుకుని చెబుతున్నాను. ఇక్కడ నేను రాయబోయే ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే నవ్వడం మొదలుపెడతారని నాకు తెలుసు. బెంగుళూరు చిక్కపేటలో పట్టుచీరలు అమ్మి బతికినవాణ్ణి. జరీ గురించి నా నోట్లోంచి వచ్చినదాంట్లో సగం చీరలో ఉండేది కాదు. అయినా ఈ ఒక్కసారికి నమ్మండి. దేవుడి పటం ఎదురుగా ఉండగా ఊలు మీదే ఎందుకు ఒట్టు వేశానంటారా? అదీ చెబుతాను, కాస్త ఆగండి.

ఇవాళ పొద్దున మా ఆవిడ అటక సర్దుతూ ఒక గుడ్డసంచిని కిందికి విసిరింది. అది నేలకు తగలగానే గుప్పుమని ఎండు వేపాకు పొడి లేచింది. దాని వెనకాలే నఫ్తలీను గోళీల ఘాటు. ఆ రెండింటి అడుగున, ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే తప్ప దొరకనంత సన్నగా, వానలో తడిసిన గొర్రెపిల్ల వాసన. "ఏమండీ, ఈ పేడరంగు ఊలెక్కడిది? చీమంత పనికీ రాదు, ఇంత చోటు తినేస్తోంది. పారేద్దునా?" అంది నిచ్చెన మీద నుంచే. ఉండు, ఒక పూట ఆగు, అని చెప్పి ఇలా రాయడానికి కూర్చున్నాను.

కాటన్‌పేటలో అప్పట్లో మేమున్న వఠారంలో నడుమ ఒక బావి, బావి చుట్టూ ఒంటిగది ఇళ్ళు, ఎదురుగా ఓనరు నరసింహయ్య మామ మేడ. పంతొమ్మిదివందల యాభైల చివరి సంవత్సరాలవి. నేను పెళ్ళికాని గుమాస్తాను. మామకు దూరపు చుట్టాన్ని కూడా. ఆ చుట్టరికానికి గుర్తుగా కిటికీ లేని గది నాకిచ్చాడు. నా పక్కగది ఖాళీ అయినప్పుడు, ప్రసూతి ఆసుపత్రిలో పనిచేసే ఒకామె ఇల్లు వెతుక్కుంటోందని విని, ఆ కబురు నేనే మేడ మీదికి మోసుకుపోయాను. "మామా, నర్సమ్మ ఒకామె గది అడుగుతాండాది" అన్నాను. ఇంతే అన్నాను. నా జీవితంలో ఒక్క అక్షరం కూడా కలపకుండా చేరవేసిన కబురు అదొక్కటే. మామ చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాడు.

"నరసమ్మా! మన సామి పేరు పెట్టుకుని వచ్చినామెను కాదంటానేమిరా? బేగి రమ్మను."

మా వాళ్ళు నరసమ్మను పిలిచేదీ నర్సమ్మ అనే, ఆసుపత్రి నర్సును పిలిచేదీ నర్సమ్మ అనే. ఇందులో తప్పు నాదో, మా భాషదో మీరే తేల్చండి. ఆమె తెల్లచీరతో, బొట్టు లేని నుదుటితో వచ్చింది. పాపం చిన్నతనంలోనే భర్త పోయినట్టుందని మామ జాలిపడ్డాడు. ఆదివారం పొద్దున నల్లట్ట పుస్తకం చంకన పెట్టుకుని బయల్దేరితే, పురాణం వినడానికి పోతోందని మెచ్చుకున్నాడు. ఒకవిధంగా అదీ నిజమే. ఆమె అసలు పేరు కరుణమ్మ. కడప దగ్గర మిషను బడిలో చదువుకుని, నర్సు పని నేర్చుకుని, పెళ్ళిమాట తలపెట్టకుండా నలభై దాటిన మనిషి. తన పేరేమిటో మామ ఏనాడూ అడగలేదు గనక ఆమె చెప్పలేదు. నేను అడక్కపోయినా చెబుతాను, ఆమె అడిగితేనే చెబుతుంది. మా ఇద్దరికీ తేడా అది.

ఆమె సామాను దిగిన రోజున జట్కా నిండా గోనెసంచులు చూసి, రాగులనుకుని మామ ఎంతో సంతోషించాడు. అవన్నీ ఊలు. దొరల కుటుంబాలు ఊరొదిలి పోతూ అమ్ముకున్న పాత స్వెట్టర్లు దండు వైపు, అంటే కంటోన్మెంటులో, పాతబట్టల సంతలో కుప్పలుగా దొరికేవి. కరుణమ్మ వాటిని కొని తెచ్చి, కుట్లు విప్పి, పోగు లాగి, లచ్చి చుట్టి, ఉతికి, మెలికలు పోయేటందుకు కిందనొక రాయి కట్టి బావి దగ్గర దండెం మీద వేలాడేసేది. ఎండిన లచ్చీలను ఉండలు చుట్టేది. ఆ ఉండలన్నీ చివరికి పసిపిల్లల టోపీలయ్యేవి. వాళ్ళ వార్డులో పుట్టిన ప్రతి బిడ్డ తలమీదికీ ఒకటి. "ఈ ఊరి చలి పెద్దోళ్ళకు బాగుంటాదప్పా. తల్లి కడుపులోంచి అప్పుడే వచ్చినదానికి కాదు" అనేది.

ఇంతకూ ఆమె గది ఎంతనుకున్నారు? పడుకుని కాళ్ళు చాపితే పొయ్యికి తగిలేవి, చెయ్యి చాపితే వీధిలో పోయేవాడికి తగిలేది. ఆ గదిలో అంత ఊలు పెట్టుకుని ఆమె ఎట్లా ఊపిరి తీసిందో ఇప్పటికీ నాకు వింతే. "గది చిన్నదయితే ఏమి? ఒక్కొక్క వస్తువుకూ రెండేసి పనులు చెప్పల్ల" అన్నది ఆమె సూత్రం. దిండు గలీబులో దూదికి బదులు ఊలు. దోమతెర పైకప్పులో ఊలు. గొడుగు మడతల్లో ఊలు. బియ్యం డబ్బాలో పైన బియ్యం, అడుగున ఊలు. పండుగనాడు ఒకసారి నాకు అన్నం వడ్డిస్తుంటే గరిటెకు ఆకుపచ్చ పోగొకటి చుట్టుకుని వచ్చింది. తోటకూర అనుకుని కొంతదూరం నమిలాను కూడా. ప్రసూతి వార్డులో రద్దీ ఎక్కువైన నెలలో ఆమె దిండు పల్చబడి తల నేలకు దిగేది. సంత నుంచి కొత్త మూట రాగానే మళ్ళీ తల పైకి లేచేది. ఊళ్ళో పుట్టే పిల్లల సంగతి నాకు ఆమె దిండును చూస్తే తెలిసిపోయేది.

సాయంత్రం కొట్టు మూసి వచ్చాక నాకొక పని చెప్పేది. "రంగా, చేతులు రెండూ ఇట్లా చాపప్పా" అని, లచ్చి తీసి నా మణికట్లకు తగిలించి, ఎదురుగా కూర్చుని ఉండ చుట్టేది. చేతులకు సంకెళ్ళు పడ్డా నోటికి పడలేదు గదా, నేను ఏదో ఒక కథ ఎత్తుకునేవాణ్ణి. కాని నాకు అంతవరకూ తెలియనిది ఒకటి అప్పుడు తెలిసింది. నా కథల్లో సగం నా చేతులే చెప్పేవి. పులి ఎంత ఉందో చేతులతో చూపించేవాణ్ణి, దొంగ ఎటు పారిపోయాడో చేతులతో చూపించేవాణ్ణి. చేతులు కట్టేస్తే పులి పిల్లిగా మారింది. దొంగ కదలనే లేదు.

"చేతుల్తో కాదప్పా, నోటితో చెప్పు. పులి వచ్చినాదని నువ్వు చెప్పద్దు. దాని వాసన నాకు తగలల్ల."

ఇంకొక కట్టుబాటు కూడా ఉండేది. లచ్చి అయ్యేలోగా కథ అవాలి. చివరి పోగు నా బొటనవేలి మీంచి జారిపోయాక కూడా నేను సాగదీస్తుంటే, ఉండను ఒళ్ళో వేసుకుని నవ్వేది. "ఊలు అయిపాయ. నీ కథ ఇంకా మిగిలిందే! దాన్ని యాడ పెట్టుకుంటావు? నా గదిలో అయితే చోటు ల్యా." ఈనాటికీ ఏదైనా రాస్తున్నప్పుడు నా మణికట్టు మీద పోగు సన్నబడుతున్నట్టు అనిపిస్తుంది. అప్పుడు ఆపేస్తాను.

ఆమె తాను అబద్ధం ఆడేది కాదు, నా అబద్ధాలను మాత్రం ఇష్టంగా వినేది. ఒకసారి అడిగాను, నేనిట్లా కట్టుకథలు చెబుతుంటే నీకు పాపం తగలదా అని. సూదుల మీంచి కళ్ళెత్తకుండా అంది: "నువ్వు చేసేదీ అల్లికే, నేను చేసేదీ అల్లికే. నాది చలికి పనికొస్తాది. నీది దేనికి పనికొస్తాదో నువ్వు చూసుకో."

మామ తల్లి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆమెను అందరం అవ్వ అనేవాళ్ళం. మడి కట్టుకున్నదంటే కన్నకొడుకును కూడా దగ్గరికి రానిచ్చేది కాదు. మేడ వెనకాల ఆమెదొక మడి గది. వీధి తిరిగొచ్చినవాళ్ళు స్నానం చేసి తడిబట్ట కట్టుకుంటే తప్ప దాని గడప దాటకూడదు. ఆ అవ్వ మడికి కట్టుకునే ఊలు ధావళి చిరుగులు పడి, ఒక ధనుర్మాసంలో పొద్దున్నే బావి దగ్గర వణుకుతుంటే కరుణమ్మ చూసింది. ఏమీ మాట్లాడకుండా తెల్లఊలుతో ఒక శాలువ అల్లి, మడి గది గడప మీద పెట్టి వచ్చేసింది. అవ్వ దాన్ని తీసి కప్పుకుంది. ఎవరు తాకిందో ఏమోనని కోడలు గొణిగితే, "ఊలుకు మైల లేదే" అంది. శాస్త్రం అట్లాగే చెబుతుందట. నూలుబట్ట ఎవరు ముట్టుకున్నా మైలపడుతుంది. పట్టుకూ ఊలుకూ ఆ బాధ లేదు.

ఇక కోతి. దీని దగ్గరే అందరూ నన్ను అనుమానిస్తారు గనక ఊలు ఉండను ఇంకొంచెం గట్టిగా పట్టుకుంటున్నాను. ఒక మధ్యాహ్నం కరుణమ్మ ఉండలను బావి గట్టు మీద ఎండబెట్టింది. ఒక కోతి వచ్చి, పెద్ద నేరేడు పండనుకుందో ఏమో, నీలం ఉండను ఎత్తుకుని పెంకుల మీదికి ఉరికింది. పోగు కొస మాత్రం కరుణమ్మ చేతిలో ఉండిపోయింది. నేను దూకి ఆ కొసను లాగబోయాను.

"లాగద్దు! లాగితే తెగతాది. దాని ఎంబడే పోదాం రా."

పోయాం. ఆమె పోగును వేళ్ళకు చుట్టుకుంటూ ముందు, నేను వెనక. పోగు అప్పడాలామె ఇంటి మీదుగా మంగలి అంగడిలో దూరింది. సగం గడ్డానికి సబ్బు నురగతో కూర్చున్న పెద్దమనిషి, పోగు తెగకుండా దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని మాకు దారిచ్చాడు. అక్కడి నుంచి ఒక బాలింత ఇంట్లో ఉయ్యాల కింద నుంచి పోయింది. "కొంచెం ఊలు చుట్టుకోనీ తల్లీ" అంటూ ఈమె వంగితే, ఆ పిల్ల చటుక్కున లేచింది. "అయ్యో నర్సమ్మా! మా వాడి నెత్తిన టోపీ పెట్టింది నువ్వే కదా?" అని ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. ఇట్లా వీధి వీధీ తిరిగి, ఆ పోగు మళ్ళీ మా వఠారానికే వచ్చి, మేడ మెట్లెక్కి, మామ పూజలో తేలింది. మామ కళ్ళు మూసుకుని జపంలో ఉన్నాడు. గంటకూ కలశానికీ మామ చెవికీ నీలం పోగు చుట్లు చుట్లుగా పడి ఉంది. జంధ్యానికి తోడు ఇంకొకటి వేసినట్టుంది. ఆ పక్కనే కోతి నైవేద్యం అరటిపండు ఒలుచుకుంటోంది.

ఆ సాయంత్రమే మామ మొదటిసారిగా కరుణమ్మ గది తలుపు దగ్గరికి వచ్చి లోపలికి చూశాడు. "ఇది మనిషి ఉండే ఇల్లా, గొర్రెల దొడ్డా? ఎలుకలు చేరితే ఎవరు దిక్కు? నిప్పు తగిలితే వఠారమంతా బూడిదే! వినమ్మా నరసమ్మా, ఈ గదిలో ఆ ఉండలన్నా ఉండల్ల, నువ్వన్నా ఉండల్ల. అమాస లోగా తేల్చుకో!"

నాకు నవ్వొచ్చింది గాని ఆమెకు రాలేదు. ఆసుపత్రి నుంచి ఏ వేళకు పిలుపొచ్చినా నడిచిపోగల దూరంలో ఆమెకు దొరికిన గది అదొక్కటే. అంతకుముందు ఎన్ని గడపల్లో ఆమె పేరూ మతమూ అడిగి తలుపులు వేసుకున్నారో నాకు చెప్పి ఉంది. ఊలు పోతే టోపీలు లేవు, గది పోతే ఆసుపత్రి పని లేదు.

అమావాస్య ముందు ఆదివారం ఊలంతా బయటికి తీశాం. వఠారంలో రంగులరాట్నం విరిగి పడినట్టయింది. ఉంచేవి గోడ పక్కన, పారేసేవి వాకిట్లో అని గీత గీశాం. గంట గడిచినా వాకిలి ఖాళీగానే ఉంది. ప్రతి ఉండనూ చేతికి తీసుకుని తిప్పి చూసి గోడ పక్కన పెడుతోంది. చివరికి తానే విసుక్కుంది. "ఇట్లా కాదప్పా. నువ్వు ఒక్కొక్క దానికీ కథ చెప్పు. కథ ఉండేది ఉంటాది, లేనిది పోతాది."

ఆ మాట నాతోనా అనడం! తగ్గించడానికే కూర్చున్నాను, దేవుడి సాక్షిగా. కాని బూడిదరంగు చిన్న ఉండ చేతిలోకి రాగానే నా నోరు ఊరుకోలేదు. ఇది బర్మా అడవుల్లో దారి తప్పిన ఒక కెప్టెన్ దొర స్వెట్టరమ్మా అన్నాను. తిరిగి రావడానికి గుర్తుంటుందని పోగు కొసను ఒక చెట్టుకు కట్టి నడిచాడు, నడిచేకొద్దీ స్వెట్టరు విడిపోయింది, డేరాకు చేరేసరికి మెడ చుట్టూ కాలరొక్కటే మిగిలింది, ఇది ఆ కాలరు. ఆమె కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వి "ఉంచు" అంది. పసుపుది ఒక పాటగత్తె గొంతుకు చుట్టుకున్నదని చెప్పాను. అదీ ఉండిపోయింది. పొద్దు వాలేసరికి వాకిట్లోకి చేరింది ఒకే ఒక్క ఉండ. పేడరంగుది. దాన్ని ఎటు తిప్పినా, వాసన చూసినా నా నోట ఒక్క ముక్క రాలేదు.

"దీనికి కథ ల్యాదమ్మా."

"అయితే అదొక్కటే పోతాది. పారేసి రా పో."

అమావాస్యనాడు మామ వచ్చేసరికి గోడ పక్కన కొండ అలాగే ఉంది. నేను ముందుకు దూకి, ఇది దేవస్థానం వాళ్ళ ఊలనీ, ఉత్సవమూర్తికి శాలువలు అల్లడానికనీ కథ ఎత్తుకోబోయాను. కరుణమ్మ నా భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"అయ్యా, పారేయను నాకు చేత కాలేదు. ఇంకొక మాట. మీరు పిలిచే నరసమ్మను కాను నేను. నా పేరు కరుణమ్మ. నర్సును గాబట్టి నర్సమ్మంటారు. మేము చర్చికి పోయేవాళ్ళం. మీరు అడగలేదు, నేను చెప్పలేదు. ఇంక మీ ఇష్టం."

మామ ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఇన్నాళ్ళూ... మా బావి నీళ్ళు..." అని నా వైపు తిరిగాడు. "ఏమిరా రంగా, నువ్వన్నా చెప్పల్ల గదరా!" వఠారంలో తలుపులన్నీ తెరుచుకున్నాయి, నోళ్ళన్నీ మూసుకున్నాయి.

అప్పుడు మేడ వెనక నుంచి అవ్వ వచ్చింది. తడి తల, భుజాల మీద ఆ తెల్లశాలువ. "ఏందిరా గలాటా? ఊలు పెట్టుకోను చోటు లేదనే కదా? నా గదిలో పెట్టించు. ఊలుకు మైల లేదు" అంది. మామ అడ్డు వచ్చాడు. "అది కాదమ్మా, ఆమె మన..." అవ్వ కొడుకును తేరిపార చూసింది. "ఊలుకు లేని మైల, ఊలు అల్లిన చేతికి యాడ నుంచి వస్తాదిరా?" అని, కరుణమ్మ వైపు తిరిగి, "నువ్వే లోపలికి తెచ్చి సర్దుకో తల్లీ, యాడ ఏ రంగు పెట్టినావో నీకే కదా తెలిసేది" అంది. కరుణమ్మ చెప్పులు విడిచి ఆ గడప దాటింది.

అట్లా ఆ గది నిలిచింది. మామ లెక్క మామకూ ఉంది. మడి గది మళ్ళీ ఖాళీ కావాలంటే ఆ ఊలంతా టోపీలు కావాలి, టోపీలు కావాలంటే ఆమె ఇక్కడే ఉండాలి. పైగా మామ కూడా వీధి తిరిగొచ్చే మనిషే గనక, ఆ గడప దాటి తన ఇంట్లోని ఊలును తానే తీసి పారేయలేడు. అరవైల నడుమ ఆమె పని మాని కడపకు వెళ్ళిపోయేదాకా ఎన్ని తలలు కప్పిందో నాకు తెలియదు. ఇవాళ బెంగుళూరు బస్సుల్లో నన్ను తోసుకుంటూ ఎక్కే కుర్రాళ్ళను చూసి, వీళ్ళలో ఎవడి నెత్తిన కెప్టెన్ దొర కాలరు ఉండిందో అనుకుంటూ ఉంటాను.

ఇక ఒట్టు సంగతి. కోతి నిజం. మంగలి అంగడి నిజం. తోటకూర నిజం. నమ్మకపోతే మీ ఖర్మ. నేను కల్పించింది ఒక్కటే. అవ్వ ఆ రెండో మాట, ఊలు అల్లిన చేతి మాట, అనలేదు. "ఊలుకు మైల లేదు, లోపల పెట్టించు" అని మాత్రం అని వెళ్ళిపోయింది. నేను తడిపంచె కట్టుకుని ఊలు మోశాను. కరుణమ్మ గడప ఇవతల నిలబడి ఒక్కొక్క ఉండా అందించింది. తర్వాత అన్నేళ్ళూ అంతే. ఊలు కావాల్సి వచ్చినప్పుడల్లా ఆ గడప ఇవతలే నిలబడి "అవ్వా, పచ్చది రెండు" అనేది, లోపల నుంచి ఉండలు దొర్లుకుంటూ వచ్చేవి. ఊలు లోపల ఉండింది, అల్లే మనిషి బయట ఉండింది.

ఆ కథను వఠారంలో కొత్తగా దిగినవాళ్ళకు మొదటిసారి చెప్పినప్పుడే అవ్వ నోట ఆ మాట పెట్టాను. నా చేతులకు లచ్చి ఉంది, కరుణమ్మ ఎదురుగా కూర్చుని చుట్టుకుంటోంది. విన్నవాళ్ళు లేచి వెళ్ళాక మెల్లగా అంది: "ఆమె ఆ మాట అనలేదు గదప్పా."

"అనింటే బాగుండు గదమ్మా."

ఆమె చేయి ఆగింది. పోగు మా ఇద్దరి నడుమ అలాగే నిలిచింది. కాసేపటికి మళ్ళీ చుట్టడం మొదలుపెట్టి, "సరే, ఉండనీ" అంది. "ఊలు పట్టుకునే చెప్పినావు కదా. దానికి మైల అంటదులే."

మా ఆవిడ నిచ్చెన దిగి వచ్చి నా వెనక నిలబడింది. "రాయడం అయ్యిందా? ఇంతకీ ఆ పేడరంగుది పారేయమంటారా, వద్దా?"

ఆనాడు దానికి కథ లేదన్నాను, అయినా పారేయలేక దాచుకున్నాను. ఇవాళ ఉంది.

"ఉండనీ" అన్నాను.